మెరీనాలో హెల్పర్‌గా చేరినవాడు మేనేజర్ దాకా వెళ్లగలడా?

బారువ కుర్రాడు:

అన్నలందరికీ నమస్కారం. మాది బారువ. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫిట్టర్ చేశాను. ఇప్పుడు దుబాయ్‌లో ఒక మెరీనాలో మెయింటెనెన్స్ హెల్పర్‌ని. సెలవు మీద ఇంటికొచ్చాను, నెలాఖరుకి తిరిగి వెళ్లాలి.

మెరీనా అనగానే మన వైపు చాలామంది చెన్నై బీచ్ అనుకుంటారు. ఇది డబ్బున్నవాళ్లు యాట్‌లు, స్పీడ్ బోట్లు కట్టేసుకునే రేవు. నీళ్ల మీద తేలే పాంటూన్లు వరసగా ఉంటాయి, ఒక్కో బోటుకి ఒక్కో బెర్త్. కరెంటు, నీళ్లు బోటు దగ్గరికే వస్తాయి. మా పని ఇదీ అని ఒకటి ఉండదు. పాంటూన్ల బోల్టులు బిగించడం, పాంటూన్లని పట్టి ఉంచే స్తంభాల (పైల్) దగ్గర అరిగిన రోలర్లు మార్చడం, పవర్ బాక్సుల్లో కాలిన సాకెట్లు తీసెయ్యడం, బోటు వస్తుంటే తాడు అందుకోవడం. ట్రావెల్ లిఫ్ట్ అనే చక్రాల క్రేన్‌తో బోటు పైకి లేపినప్పుడు బెల్టులు సరైన చోట పడ్డాయో లేదో చూసేది, అడుగున అంటుకున్న గుల్లలు ప్రెషర్ వాషర్‌తో కొట్టేది కూడా మేమే.

బయల్దేరే ముందు మా డాక్ మాస్టర్, అంటే రేవు పనులన్నీ చూసే మా పైవాడు, పిలిచి, సీజన్ మొదలయ్యేలోగా ఒక సూపర్‌వైజర్ పోస్ట్ పడుతుంది, నీ పేరు ఇవ్వమంటావా అని అడిగాడు. ఫిలిప్పీన్స్ మనిషి, మంచివాడు. ఇంటికెళ్లి వచ్చి చెబుతానన్నాను. ఇక్కడ చూస్తే మా నాన్న, మూలపేట పోర్టు వస్తోంది కదా, మళ్లీ ఆ ఎండలోకి ఎందుకు, ఇక్కడే ఏదో ఒకటి చూసుకో అంటున్నాడు. పెళ్లి మాటలు కూడా నడుస్తున్నాయి. అబ్బాయి ఏం చేస్తాడంటే హెల్పర్ అని చెప్పడానికి మా అమ్మకి నోరు రావడం లేదు.

నా టెన్షన్ వేరు. ఇంగ్లిష్ అర్థమవుతుంది, మాట్లాడాలంటే తడబడతాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లలో ఎవరైనా ఇలా కింది నుంచి మేనేజర్ దాకా వెళ్లారా? వెళ్లినవాళ్లు ఏం చదివారు, ఏం చేశారు?

ఉద్దానం జీడితోట:

తమ్ముడూ, నీ ఆశ మీద నీళ్లు చల్లాలని కాదు. గల్ఫ్‌లో చాలాకాలం ఉండి వచ్చాను కాబట్టి చెబుతున్నా. మేనేజర్ కుర్చీ పాస్‌పోర్ట్ రంగు చూసి ఇస్తారు. మనవాళ్లకి సూపర్‌వైజర్ దగ్గరే గేటు పడిపోతుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. హెల్పర్‌కి ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) ఉంటుంది, సూపర్‌వైజర్‌కి చాలా కంపెనీలు ఇవ్వవు. సీజన్‌లో ఓటీ బాగా పడేవాడికి ప్రమోషన్ అయ్యాక చేతికొచ్చేది తగ్గినా తగ్గుతుంది. తిట్లు మాత్రం పై నుంచీ కింది నుంచీ పడతాయి. నేనైతే ఓటీ చేసుకొని నాలుగు రాళ్లు వెనకేసుకొని వచ్చెయ్యమంటాను.

నౌపడ ఉప్పు:

మూలపేట గురించి మాత్రం నేను చెబుతాను, మాది ఆ పక్కనే. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేసిన ఆ పోర్టు సరుకు ఓడల కోసం. అలాంటి చోట కావాల్సింది క్రేన్ ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్లు, కన్వేయర్ ఫిట్టర్లు, పెద్ద ఓడల తాళ్లు పట్టే గ్యాంగులు. నీ ఐటీఐ పనికొస్తుంది గానీ మెరీనాలో నేర్చుకున్నది సగం మూలన పడుతుంది. బుడగట్లపాలెంలో కడుతున్నది చేపల హార్బర్. యాట్‌లు కట్టేసుకునే రేవు మన తీరంలో లేదు. దేశం మొత్తం మీద కూడా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని, కొచ్చిలో బోల్గట్టి దగ్గర కేరళ టూరిజం వాళ్లది ఒకటి. నాన్నగారికి కోపం రాకుండా ఈ తేడా చెప్పు. పోర్టు అంటే అన్నీ ఒకటే అనుకుంటారు పెద్దవాళ్లు.

కళింగపట్నం లంగరు:

బాబూ, మాది కళింగపట్నం. అబుదాబిలో ఒక మెరీనాలో చేరేటప్పుడు నా వీసా మీద లేబర్ అని ఉండేది. వదిలేసి వచ్చేనాటికి మేనేజర్‌ని. డిగ్రీ లేదు. కాబట్టి దారి ఉందా అంటే ఉంది. అయితే జీడితోట గారు రాసింది కొట్టిపారేసే మాట కాదు. పెద్ద పెద్ద డెవలపర్ల మెరీనాల్లో పై కుర్చీలో ఎక్కువగా తెల్లవాళ్లే కనిపిస్తారు. నేను వెళ్లింది ఆ దారిన కాదు. హోటల్ వెనక, క్లబ్బు పక్కన, బోట్ యార్డుకి ఆనుకొని వంద లోపు బెర్తులుండే చిన్న మెరీనాలు ఉంటాయి. అక్కడి ఓనరుకి అర్ధరాత్రి షమాల్ (అక్కడ వాయవ్యం నుంచి వీచే పెద్ద గాలి) లేస్తే ఫోన్ ఎత్తేవాడు కావాలి, నెలాఖరుకి బాకీలు వసూలు చేసేవాడు కావాలి. పాస్‌పోర్ట్ సంగతి ఆ తర్వాత. పేరున్న చోట సూపర్‌వైజర్‌గా చేసి, చిన్న చోటికి మేనేజర్‌గా మారడం, మనవాళ్లకి దొరికే సందు అది.

ఇక ఎలా వెళ్లాలన్నది. నీకు పని వచ్చు, అందులో అనుమానం లేదు. బారువలో పుట్టినవాడికి తాడు ముడి, గాలి మళ్లడం ఎవరూ నేర్పక్కర్లేదు. మా ఊళ్లో తుఫాను కబురు వస్తే పడవల్ని ఇసక మీదకి లాగి, కొబ్బరి చెట్లకి కట్టి, తాడు ఒరుసుకునే చోట పాత గోనె చుడతాం. అబుదాబిలో పెద్ద గాలి రోజున నేను చేసిందీ అదే, గోనెకి బదులు పాత నీళ్ల పైపుని ముక్కలు కోసి తాళ్లకి తొడిగాను. మేనేజర్ భుజం తట్టాడు. అంతే, ఇంకేమీ రాలేదు. చేతిపని బాగా చేసేవాణ్ణి ఎవరు మాత్రం ఆ పనిలోంచి కదుపుతారు? కదిపితే వాళ్లకే నష్టం.

నా పేరు ఆఫీసులో వినబడింది టేపు వల్ల. మెరీనా అమ్ముకునేది పొడవు. బోటు మీటరుకి ఇంత అని ఏడాది అద్దె. ఓనరు ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితంలో హల్, అంటే బోటు ఒంటి పొడవు మాత్రమే ఉంటుంది. కానీ వెనక స్విమ్ ప్లాట్‌ఫామ్ బిగిస్తారు, ముందు లంగరు రోలర్ బయటికి పొడుచుకొని వస్తుంది, కొందరు చిన్న డింగీ వేలాడదీయడానికి డేవిట్లు పెట్టిస్తారు. కాగితం మీద పన్నెండు మీటర్లున్న బోటు నీళ్లలో పదమూడున్నర తేలుతుంది. తాడు అందుకునేవాడికి అది కంటికి ఆనుతుంది, ఏసీ గదిలో కాంట్రాక్ట్ రాసేవాడికి ఆనదు. పని లేని పూటల్లో టేపు పట్టుకొని ఒక్కో బోటూ కొలిచి, బెర్త్ నంబరు, కాగితం పొడవు, అసలు పొడవు మూడు గడుల్లో రాసుకుంటూ పోయాను. బెర్తు దాటి దారిలోకి పొడుచుకొచ్చిన బోట్లకి పక్కన చుక్క పెట్టాను, ఎందుకంటే పక్క బోటు తిరిగేటప్పుడు తగిలేది వాటికే. ఆ కాగితం డాక్ మాస్టర్‌కి ఇచ్చాను. కాంట్రాక్టులు తిరగరాసినప్పుడు వచ్చిన తేడా నా ఏడాది జీతం కంటే ఎక్కువ. కొందరు ఓనర్లు నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాళ్లు, అది వేరే సంగతి. ఆ తర్వాతే ఆఫీసులో మీటింగ్ ఉంటే నన్ను కూడా పిలవడం మొదలైంది.

రెండోది కరెంటు మీటర్లు. ఎండాకాలం ఓనర్లు యూరప్ వెళ్లిపోతారు. బోటు లోపల బూజు పట్టకుండా ఏసీ ఆన్‌లోనే ఉంచుతారు. సెప్టెంబర్‌లో వచ్చి బిల్లు చూసి, మేం ఊళ్లోనే లేము, ఇంత ఎలా కాలిందని గొడవ. నేను ప్రతి నెలా ఒకటో తారీకున మీటరు ఫొటో తీసేవాణ్ణి, అదే ఫొటోలో బెర్త్ నంబరు ప్లేటు కూడా పడేలా. ఎవరూ చెయ్యమనలేదు. ఒక పెద్దమనిషి లాయర్ నోటీసు దాకా వెళ్తే, ఆ ఫొటోలు మెయిల్‌లో పెట్టారు, మర్నాడే డబ్బు కట్టేశాడు.

నువ్వు చేసే పని పైకి చేరేది రాస్తేనే. రోలర్ అరిగిపోయింది సార్ అని చెబితే దాన్ని ఫిర్యాదు కింద వింటారు. సీ పద్నాలుగు బెర్త్ దగ్గర రోలర్ అరిగింది, పాంటూన్ అంచు పైల్‌ని గీస్తోంది, కొత్త రోలర్ ఇంత, వదిలేస్తే పైల్ కోటింగ్ పోతుంది, దానికి డైవర్‌ని పెట్టాలి కాబట్టి ఖర్చు ఇంత అని రాసిచ్చావనుకో, మేనేజర్ ఆ ముక్కల్నే తన పై వాళ్లకి పంపుతాడు. నాలుగుసార్లు అలా జరిగితే ఈ కుర్రాణ్ణి దగ్గర పెట్టుకుంటే నాకు పని తగ్గుతుందని ఆయనకే అనిపిస్తుంది.

ఇప్పుడు సూపర్‌వైజర్ మెట్టు. నా అనుభవంలో మేనేజర్ అవడం కంటే ఇదే కష్టం. నిన్నటిదాకా ఒకే గదిలో పడుకొని, వంతులేసుకొని చింతపండు పులుసు కాచుకు తిన్నవాళ్ల మీద నువ్వు డ్యూటీ వెయ్యాలి. మెరీనాకి శని ఆదివారాలే పని ఎక్కువ, అందరికీ ఆ రోజుల్లోనే ఆఫ్ కావాలి. మా గదిలో ఇచ్ఛాపురం వైపు అతను ఒకడుండేవాడు, నాకు అన్నం పెట్టిన మనిషి. డీజిల్ పంపు దగ్గర రాత్రి డ్యూటీలో పడుకొని దొరికాడు. నేను రిపోర్టు రాశాను. ఇంధనం పోసే చోట నిద్రపోతే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. అతను నాతో చాన్నాళ్లు మాట్లాడలేదు. మిగతావాళ్లు నేను గదిలోకి రాగానే మాట ఆపేసేవాళ్లు. కంపెనీని అడిగి గది మారాను. చాలామంది ఈ ఒక్క ముక్కకే సూపర్‌వైజర్ పోస్ట్ వద్దంటారు, వాళ్లని నేను తప్పు పట్టను.

నాకు పనికొచ్చింది ఏమిటంటే, నెల మొదలవక ముందే రోస్టర్ గోడ మీద అంటించెయ్యడం. బతిమాలుకోవడానికి చోటు ఉండకూడదు. పండగల లెక్క ముందే కూర్చొని తేల్చుకున్నాం. సంక్రాంతికి మనవాళ్లు, ఈద్‌కి పాకిస్తాన్, బంగ్లాదేశ్ వాళ్లు, క్రిస్మస్‌కి ఫిలిప్పీన్స్ వాళ్లు. ఒకరి పండక్కి ఇంకొకరు పని. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదని అక్కడి చట్టం. ఓనరు ఎంత గింజుకున్నా ఆ టైములో మనవాణ్ణి డెక్ మీదకి పంపకు. ఆ ఒక్క పట్టుతో కుర్రాళ్లు నన్ను మళ్లీ దగ్గరికి రానిచ్చారు.

ఇంగ్లిష్ గురించి భయపడకు. ముందు రేడియో ఇంగ్లిష్ పట్టుకో. వీహెచ్‌ఎఫ్ (బోట్లలో వాడే రేడియో) మీద వాడే మాటలు లెక్కపెడితే వంద దాటవు. ఆల్ఫా, బ్రావో, చార్లీ అక్షరాలు, అంకెలు, స్టార్‌బోర్డ్ సైడ్ టు (కుడి పక్క జెట్టీకి), స్టెర్న్ టు (వెనక భాగం జెట్టీకి), స్టాండ్ బై (ఆగి ఉండు). పదహారో ఛానెల్‌లో పిలుపు అందుకొని, పని ఛానెల్‌కి మార్చి, అవతలివాడు చెప్పింది తిరిగి చదివి వినిపించడం. సినిమాల్లో ఓవర్ అండ్ అవుట్ అంటారు చూడు, నిజానికి ఆ రెండూ కలిపి అనరు. ఓవర్ అంటే నువ్వు చెప్పు అని, అవుట్ అంటే అయిపోయింది అని. యాట్ కెప్టెన్‌తో ఆ కాస్త తడబడకుండా మాట్లాడితే చాలు, మిగతా ఇంగ్లిష్ నోటికి అదే అలవాటవుతుంది.

డబ్బున్నవాడికి వద్దు అని చెప్పడం కూడా నేర్చుకోవాలి. బెర్త్‌లోనే క్యాన్‌తో పెట్రోల్ పోసుకుంటానంటాడు. డీజిల్ కారితే మీద సబ్బు నీళ్లు కొట్టమంటాడు, సబ్బు కొడితే నూనె కనబడకుండా కిందికి దిగుతుందే గానీ పోదు, పీల్చే ప్యాడ్లు వేసి ఎత్తాలి. అప్పుడు నేను వద్దంటున్నానని అనకు. మీ కాంట్రాక్టులో ఫలానా క్లాజు సార్ అని చూపించు. ఆ కాంట్రాక్ట్ మొత్తం ఒకసారి చదువు. చదివిన హెల్పర్ ఉండడు అక్కడ.

కోర్సుల సంగతి. బోటు నడపడానికి ఆర్‌వైఏ (బ్రిటన్ బోటింగ్ సంస్థ) వాళ్ల పవర్‌బోట్ లెవెల్ టూ రెండు రోజుల్లో అయిపోతుంది. వీహెచ్‌ఎఫ్ లైసెన్స్ ఒకటి. సేఫ్టీలో ఐఓఎస్‌హెచ్ అనే సంస్థ మేనేజింగ్ సేఫ్లీ చిన్న కోర్సు, నెబోష్ వాళ్లది పెద్దది, సూపర్‌వైజర్‌కి చిన్నది చాలు. మెరీనాలకే అని గ్లోబల్ మెరీనా ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్ల దగ్గర ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ కోర్సులు, ఆ పైన సర్టిఫైడ్ మెరీనా మేనేజర్. నీ జేబులోంచి ఇప్పుడే కట్టకు, ఖరీదైనవి. గోల్డ్ యాంకర్ అని మెరీనాల నాణ్యతకిచ్చే రేటింగ్ కోసం తిరిగే చోట్లు స్టాఫ్ ట్రైనింగ్ చూపించుకోవాలి, అలాంటి చోట కంపెనీతోనే కట్టించుకోవచ్చు. ఊళ్లో ఎవడైనా ఏజెంటు మెరీనా మేనేజర్ డిప్లొమా ఇప్పిస్తానంటే దగ్గరికి రానివ్వకు. దాని బదులు ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టు. వీసా మీద హోదా మారేటప్పుడు అటెస్ట్ చేసిన సర్టిఫికెట్ అడుగుతారు, అప్పుడు పరుగులు పెడితే అవదు.

గంటస్తంభం సెంటర్:

విజయనగరం నుంచి. నేను అమ్మాయిని, అన్నా అనకండి. దుబాయ్‌లోనే ఒక మెరీనా ఆఫీసులో బెర్తింగ్ కాంట్రాక్టులు చూసేదాన్ని, పెళ్లయ్యాక వచ్చేశాను. కళింగపట్నం బాబాయి గారు జెట్టీ వైపు నుంచి చెప్పారు, నేను కౌంటర్ ఇవతలి నుంచి చెబుతాను.

తమ్ముడూ, ఎక్సెల్ నేర్చుకో. పెద్దగా అక్కర్లేదు, ఒక షీటు చాలు. బెర్త్ నంబరు, బోటు పేరు, కాంట్రాక్ట్ ముగిసే తేదీ, ఇన్సూరెన్స్ ముగిసే తేదీ, బాకీ, ఓనరు తరఫున ఫోన్ ఎత్తేది ఎవరు. మేనేజర్ రోజంతా చూసేది ఆ షీటే. ఇన్సూరెన్స్ అయిపోయిన బోటు పక్క బోటుని గుద్దితే ఆ తగాదా మెరీనా మెడకే చుట్టుకుంటుంది. ఇంకొకటి, ఓనరు నెల రోజులు ట్రిప్ వెళ్తే ఆ బెర్త్ ఖాళీ. కాంట్రాక్ట్ ఒప్పుకుంటే దాన్ని విజిటర్‌కి ఇచ్చుకోవచ్చు. ఏ బోటు ఎప్పుడు బయల్దేరుతుందో మాకంటే ముందు మీకే తెలుస్తుంది, సిబ్బంది సామాన్లు ఎక్కిస్తుంటే చూస్తారు కదా. ఆ కబురు ఆఫీసుకి అందించే హెల్పర్ అంటే మాకు ప్రాణం.

మెయిల్ రాయడానికి భయపడకు. మూడు వాక్యాలు: ఏమైంది, నువ్వేం చేశావు, వాళ్లు ఏం చెయ్యాలి. గ్రామర్ ఎవరూ చూడరు. బెర్త్ నంబరు లేకుండా వచ్చే రిపోర్టులు చూస్తే మాత్రం తల పట్టుకునేవాళ్లం.

ఇంటర్వ్యూలో తప్పకుండా ఒకటి అడుగుతారు: ఎప్పుడైనా ఎమర్జెన్సీ చూశావా, ఏం చేశావు? దానికి జవాబు ఉందా నీ దగ్గర?

బారువ కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. బాబాయి గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. రిపోర్టు రాసిన ముక్క దగ్గర ఆగి, మంచి పని చేశాడు అన్నాడు. నాన్న సరంగుగా చేశాడు లెండి, రాత్రి కాపలాలో నిద్రపోయే కలాసీ అంటే పడదు.

అక్కా, ఎమర్జెన్సీ అంటే 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో పడ్డ వాన ఉంది. ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాను. పవర్ బాక్సులు వరసగా ట్రిప్ అయ్యాయి. బోట్ల అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపులు బ్యాటరీ మీద నడుస్తున్నాయి, ఛార్జింగ్ లేదు. డెక్ డ్రెయిన్లు చెత్తతో మూసుకుపోయిన బోట్ల వెనక భాగం నీళ్లతో బరువెక్కి కిందికి దిగుతోంది. పోర్టబుల్ పంపు పట్టుకొని బెర్త్ బెర్త్‌కీ తిరిగాం. ఇది చెబితే సరిపోతుందా?

ఇంకో సమస్య. మా టీమ్‌లో మా సొంత బావ ఉన్నాడు, అక్క మొగుడు. నాకు వీసా తెప్పించిందే ఆయన. నా కంటే సీనియర్. నేను ఆయన మీద సూపర్‌వైజర్ అయితే ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి.

గంటస్తంభం సెంటర్:

చెప్పడం సరిపోదు, వాళ్లు తర్వాత అడిగేది ఏ బోటుకి ముందు వెళ్లావు, ఎందుకు అని. పంపు ఒకటి, బోట్లు చాలా. నువ్వు ఏ లెక్కన ఎంచుకున్నావో గుర్తు తెచ్చుకొని రాయి. వెనక డెక్ లోతుగా ఉన్నవాటికా, బ్యాటరీ పాతబడినవాటికా, ఎవరూ లేని బోట్లకా? సూపర్‌వైజర్‌ని ఎంచేది ఆ జవాబు చూసే. ఆ రోజు ఫోన్‌లో తీసిన ఫొటోలు ఉంటే తేదీతో సహా దాచుకో.

బారువ కుర్రాడు:

ముందు మనుషులు లేనివాటికి వెళ్లాం అక్కా. వాటిలో డెక్ డ్రెయిన్లు నీటి గీతకి దగ్గరగా ఉన్న చిన్న బోట్లకి ముందు. పెద్ద యాట్‌లలో సిబ్బంది ఉన్నారు కాబట్టి వాటిని ఆఖరికి వదిలాం. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చూస్తే అనిపించింది.

కళింగపట్నం లంగరు:

ఆ రెండు వాక్యాలే ఇంగ్లిష్‌లో రాసుకో. నీ ఇంటర్వ్యూ సగం అయిపోయింది.

మీ బావ సంగతి. పేరు ఇవ్వకముందే ఆయనతో కూర్చో, ఫోన్‌లో కాదు, వెళ్లాక ఎదురుగా. ఈ పోస్ట్ నువ్వు తీసుకుంటావా బావా అని ముందు ఆయన్నే అడుగు. అడగడం మర్యాద కోసం మాత్రమే అనుకోకు, నిజంగా కావాలంటే వదులుకోవడానికి సిద్ధపడే అడగాలి. వద్దంటే, డాక్ మాస్టర్‌తో చెప్పి ఆయన్ని ఇంకో సూపర్‌వైజర్ షిఫ్ట్‌లో వేయించు. ఒకే షిఫ్ట్‌లో ఉంచుకుంటే ఆయన ఆఫ్ ఇచ్చినా తప్పే, ఇవ్వకపోయినా తప్పే. వీసా తెప్పించిన మనిషి మీద డ్యూటీ వెయ్యడం ఎవరి వల్లా కాదు, నా వల్ల కూడా అయ్యేది కాదు. షిఫ్ట్ మార్చడం కుదరదంటే నేనైతే ఈ పోస్ట్ వదిలి ఇంకో చోట చూసుకునేవాణ్ణి.

జీడితోట గారు ఎత్తిన ఓటీ లెక్క కూడా ఇక్కడే తేల్చుకో. పోయిన సీజన్, పోయిన ఎండాకాలం కలిపి ఏడాది జీతం స్లిప్పులన్నీ తీసి, ఓటీ నెలకి సగటున ఎంత పడిందో చూడు. సీజన్ నెలలు ఒక్కటే చూస్తే మోసపోతావు. సూపర్‌వైజర్ జీతం ఆ మొత్తాన్ని దాటాలి. అలవెన్సుల్లో కాకుండా బేసిక్‌లో పెంచమని అడుగు. అక్కడి చట్టంలో గ్రాట్యుటీ బేసిక్ మీదే, మొదటి ఐదేళ్లకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులు. అదీ ఆఖరున ఉన్న బేసిక్ మీద కడతారు. అంటే ఇప్పుడు బేసిక్ పెరిగితే నువ్వు హెల్పర్‌గా చేసిన ఏళ్లకి కూడా పెరిగిన లెక్కే వస్తుంది. ఓటీ ఎంత చేసినా ఇందులోకి రాదు.

ఉద్దానం జీడితోట:

ఈ ఆఖరి బేసిక్ సంగతి నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. ఓటీ ఓటీ అని సీజన్లన్నీ గడిపేశాం మేమంతా. సరే తమ్ముడూ, ఆ లెక్క దాటితే వెళ్లు, నేను వద్దనను. పాస్‌పోర్ట్ రంగు మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కళింగపట్నం లంగరు:

తీసుకోవద్దు, అది నిజమే కదా. నన్ను మేనేజర్‌ని చేసినప్పుడు కూడా నా కంటే ముందు ఆ కుర్చీలో ఉన్న ఇంగ్లండు ఆయనకిచ్చిన జీతం నాకు ఇవ్వలేదు. అడిగాను, మొదటి ఏడాది చూద్దామన్నారు. రెండో ఏడాది కొంత పెంచారు, ఆయన దగ్గరికైతే చేరలేదు. తెలిసే వెళ్లాలి.

బారువ కుర్రాడు:

స్లిప్పులు ఫోన్‌లో ఉన్నాయి, ఈ రాత్రికి లెక్క వేస్తాను. బావకి మెసేజ్ పెట్టకుండా వెళ్లాకే మాట్లాడతాను. ఓపెన్ స్కూల్ ఇంటర్ అడ్మిషన్ గురించి రేపు సోంపేట వెళ్లి కనుక్కుంటాను. అప్లికేషన్ లెటర్ ఇంగ్లిష్‌లో రాయడం ఒక్కటే బెంగ.

గంటస్తంభం సెంటర్:

నీకు వచ్చినట్టు రాసి ఇక్కడే పెట్టు, కంపెనీ పేరు, జీతం అంకెలు తీసేసి. ఒక పేజీ దాటనివ్వకు. వాన రోజు ముక్క రెండో పేరాలో రావాలి, ఐటీఐ ఆఖరున. ఆదివారం చూసి దిద్ది పెడతాను.